జొన్నరొట్టె అమ్ముకుని బతికినవాడి పది మాటలు

మాది చందూర్. నిజామాబాద్ జిల్లాలో, వర్ని పక్కన ఉంటుంది. బోధన్ వెళ్ళే దారి మీద ఒక చిన్న హోటలు నడుపుతూ నా బతుకు గడిచింది. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం, ఎండాకాలంలో అంబలి. నేను అమ్మింది ఇంతే. ఇప్పుడు గల్లా దగ్గర కూర్చోవడం మానేశాను. అయినా పట్నంలో ఉద్యోగాలు వదులుకుని ఊరికి తిరిగొచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. "పెద్దబాపూ, మన తిండితోని ఒక హోటల్ పెడ్దమనుకుంటున్నం. ఏమంటవు?" అని అడుగుతారు. వచ్చిన ప్రతివారికీ మొదటినుంచీ చెప్పే ఓపిక తగ్గింది. అందుకే వరుసగా రాసి పెడుతున్నాను. ఇందులో నా గొప్పలు తక్కువ, నాకు నష్టం తెచ్చిన పనులు ఎక్కువ. చదివేవాళ్ళకు పనికొచ్చేవి అవే.

1. రుచి పొయ్యి మీద పుట్టదు, చేనులో పుడుతుంది.

మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. కాలువలు పారాక బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ చుట్టూ వరి, చెరుకు పరుచుకున్నాయి. అంతకుముందు మా పెద్దలకు జొన్నే అన్నం. నీళ్ళు పారే చేనులో జొన్న చల్లేవాడు ఎవడుంటాడు? నేను హోటలు పెట్టేనాటికి మా వైపు జొన్నచేను చూడాలంటే వెతుక్కోవలసి వచ్చేది. ఊరి తిండి అని బోర్డు రాయించుకున్నాను గానీ, ఆ గింజ ఊళ్ళో లేదన్న సంగతి మీద మనసు పెట్టలేదు. బజారులో ఏది చవకగా దొరికితే అది కొన్నాను. వానాకాలం జొన్నకు కంకి మీద ఉండగా వాన తగిలితే గింజకు బూజు పడుతుంది, నల్లబడుతుంది. ఆ పిండితో చేసిన రొట్టె చేదుగా ఉంటుంది. తిన్నవాళ్ళు ఏమీ అనలేదు, మళ్ళీ రావడం మానేశారు. ఆ తరువాత తెలిసినవాళ్ళను పట్టుకుని మద్నూర్, జుక్కల్ వైపు పోయాను. అక్కడి నల్లరేగడిలో యాసంగి జొన్న నేలలోని తేమకు, మంచుకు పండుతుంది. గింజ తెల్లగా, బరువుగా ఉంటుంది. రొట్టె తియ్యగా ఉంటుంది. ఆర్మూర్, బాల్కొండ వైపు కూడా ఎర్రజొన్న విస్తారంగా పండుతుంది కదా అంటారు కొందరు. అది పశుగ్రాసానికి విత్తనంగా ఉత్తరాది రాష్ట్రాలకు లారీల్లో పోయే పంట. మన పెంక మీదికి రాదు. కాబట్టి బిడ్డా, హోటలుకు చోటు వెతికే ముందు నీకు గింజ ఇచ్చే రైతు ఎవరో వెతుక్కో. కోతకు ముందే మాట్లాడుకో. బజారు ధర కంటే కాస్త ఎక్కువే ఇవ్వు. అతను వచ్చే ఏడు కూడా జొన్న వేయాలంటే అతనికి ఏదో మిగలాలి.

2. పిండి వయసు తెలియనివాడు రొట్టె అమ్మకూడదు.

గోధుమ పిండిలో ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు. చల్లనీళ్ళతో కలిపితే రొట్టె అంచులు పగిలిపోతాయి. మరిగే నీళ్ళు పోస్తే పిండి కొంత ఉడికి పట్టు వస్తుంది. వేడి వేడిగా ఉండగానే పిసకాలి, చేత్తో చరుస్తూ గుండ్రంగా పెంచాలి, పెంక మీద వేసి పైన నీళ్ళు అద్దాలి, తిప్పాలి, చివరికి నిప్పుల సెగకు పొంగించాలి. ఇదంతా తాజా పిండితోనే సాగుతుంది. జొన్నగింజలో నూనె ఉంటుంది. పట్టించిన పిండి నిలవ ఉన్నకొద్దీ ఆ నూనె చెడి చేదెక్కుతుంది, నీళ్ళు ఎంత మరిగించి పోసినా పట్టు రాదు. మాటిమాటికీ గిర్నీకి పోవడం ఎందుకని నేను ఒకసారి నెలకు సరిపడా పట్టించి సంచుల్లో కట్టించాను. కొన్నాళ్ళకే రొట్టెలు చేసే ఆమె పళ్ళెం పక్కకు పెట్టి, "సేటూ, పిండి ఇరుగుతున్నది. పెంక మీదికి పోకముందే తునుకలైతున్నది" అంది. నేను ఆమె చెయ్యినే తప్పుపట్టాను. తరువాత రొట్టెలు ఒత్తే యంత్రం కొన్నాను. అది చపాతీలకు చేసిన యంత్రం. జొన్నపిండి దాని చేతిలో ముక్కలైంది. ఆ యంత్రాన్ని పాతసామానువాడికి అమ్మాను. రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే గింజ పట్టించడం, సంచి మీద పట్టించిన తేదీ రాయడం, అంతటితో ఆ చిక్కు తీరింది. డబ్బు పెట్టి తీర్చుకోవాలనుకున్న కష్టాల్లో చాలా వాటికి కొంచెం శ్రద్ధ చాలు.

3. రొట్టె చరిచే చేతికి మాస్టరు జీతం ఇవ్వాలి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది కూడా ఇదే. పట్నం నుంచి వంటమాస్టరును తెచ్చినప్పుడు అతనికి జీతం, ఉండడానికి గది, పండక్కి బట్టలు ఇచ్చాను. మా ఊరి ఆడవాళ్ళు పొద్దున్నుంచి పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తే వాళ్ళకు రోజుకూలి ఇచ్చాను. ఇంట్లో రోజూ చేసే పనే కదా, ఇందులో విద్యేముంది అనుకున్నాను. హోటలుకు వచ్చినవాళ్ళు కూర గురించి మాస్టరును మెచ్చుకునేవారు. వాళ్ళను మా దాకా రప్పించింది మాత్రం ఆ రొట్టె. ఎర్రటి సెగ ముందు కూర్చుని, ఒంగి చరిచీ చరిచీ ఒకామెకు భుజం పట్టేసింది. పొగకు కళ్ళు నీరు కారేవి. ఆమె పని మానేశాక ఆమె చేసిన రొట్టె మళ్ళీ మా హోటల్లో కనిపించలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు బాగానే చేశారు గానీ, పల్చగా, అంచు దాకా ఒకే మందాన వచ్చే ఆ పనితనం రాలేదు. అప్పుడు నిలబడి చేసుకునే అరుగు కట్టించాను, పొగ పోయే గొట్టం పెట్టించాను, జీతం సరిచేశాను. ఇవన్నీ ఆమె ఉండగానే చేయవలసినవి. మీరు పెట్టే హోటలు గోడ మీద ఎవరి ఫోటో పెట్టినా పెట్టకపోయినా, రొట్టె చేసే ఆమె పేరు మీ జీతాల పుస్తకంలో మొదటి వరుసలో ఉండాలి.

4. నాటుకోడికి తొందర తెలియదు.

బాయిలర్ కోడి ఆరు వారాలు తిరిగేసరికి రెండు కిలోలు తూగుతుంది. పెరట్లో గింజలు, పురుగులు ఏరుకుని తిరిగే కోడి కిలోన్నర కావడానికి అయిదారు నెలలు పడుతుంది. దాని కండ గట్టిది, బొక్క గట్టిది. ఈకలు పీకి, పసుపు రాసి, మంట మీద కాల్చి, తోలుతోనే కొట్టాలి. ఆ పసుపు మన జిల్లాదే.  ధనియాలు, కుడుక, గసాలు వేయించి నూరి, అల్లం, ఎల్లిపాయ దంచి వేసి, కట్టెల మంట తగ్గించి నిదానంగా ఉడికించాలి. మంట పెంచితే పైన మెత్తబడి లోపల రబ్బరులా సాగుతుంది. గిరాకీ పెరిగినప్పుడు నాకు నాటుకోళ్ళు చాలలేదు. పెరటి పెంపకానికని రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా రకం కోళ్ళు తెప్పించాను. అవి మంచి కోళ్ళే, రైతు ఇంట్లో పెంచుకోవడానికి చక్కగా సరిపోతాయి. వాటిని నాటుకోడి అని చెప్పి అమ్మడమే నేను చేసిన తప్పు. కోస్తా రైతుల క్యాంపు నుంచి వచ్చే ఒక పెద్దాయన బొక్క నమిలి చూసి, "ఇది పెరట్లో తిరిగిన కోడి కాదండీ" అని మెల్లగా అన్నాడు. పూర్తి డబ్బులు ఇచ్చాడు, బేరం ఆడలేదు. ఆ మర్యాదకు నేను తలెత్తలేకపోయాను. ఆ వారమే బోర్డు మీద రెండు రకాలు, రెండు ధరలు రాయించాను. చవక రకం అడిగినవాళ్ళు తక్కువేమీ లేరు. నిజం చెబితే గిరాకీ పోతుందన్న భయం నాదే.

5. అడిగినవాడికే వండు, అడిగినంతే వండు.

ఈ విద్య మన జిల్లాలోనే ఉంది. బోధన్, నిజామాబాద్‌ల మీదుగా జగదల్‌పూర్ దాకా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద, ఆర్మూర్ దగ్గర అంకాపూర్ ఉంది. అక్కడి నాటుకోడి కూర పేరు వినని తెలంగాణ మనిషి అరుదు. హైదరాబాద్‌లో ఆ ఊరి పేరు పెట్టుకున్న హోటళ్ళు ఎన్నో వెలిశాయి. నేను అక్కడికి మొదట కూర రహస్యం తెలుసుకుందామని పోయాను. మసాలాలో నాకు తెలియనిది ఏమీ కనిపించలేదు. తెలియనిది పద్ధతి. ముందుగా ఫోన్ చేసి ఎంత కోడి కావాలో చెప్పాలి. చెప్పాకే కోడిని కోస్తారు, నీ కూర నీ కోసమే విడిగా వండుతారు. అన్నంతో కలిపి కట్టి ఇస్తారు. తీసుకుపోయి ఇంట్లోనో, మామిడితోటలోనో, చెట్టు కిందో కూర్చుని తింటావు. పెద్ద హాలు అక్కర్లేదు, పొద్దుటి కూర రాత్రికి వేడిచేసే అవసరం రాదు, మిగులు పారబోయడం ఉండదు. కోడి మొత్తం వస్తుంది కాబట్టి మంచి ముక్కలు ఎవరికి పోయాయన్న అనుమానం ఉండదు. దాని వెనక ఆ ఊరి బలం ఉంది. అంకాపూర్ విత్తనాల వ్యాపారానికి, కూరగాయలకు, మక్కకు పేరున్న ఊరు. రోడ్డు పక్కన ఆడవాళ్ళు కాల్చి అమ్మే మక్క కంకుల కోసం కార్లు ఆగుతాయి. ఊరు బాగా పండించింది, బాగా అమ్మడం నేర్చింది, అందులో ఒక భాగంగా కోడికూర ఎదిగింది. నేనేమో దేగిసా నిండా వండి, కుర్చీలు వేసి, ఎవరొస్తారా అని దారి చూశాను. సాయంత్రానికి మిగిలిన కూర నా లాభాన్ని తినేసేది. అక్కడినుంచి వచ్చాక కూడా వెంటనే మారలేదు. పెద్ద దేగిసా చూసుకుంటే పెద్ద హోటలు నడుపుతున్నట్టు ఉండేది నాకు.

6. మెనూ కార్డు పొడుగైతే కూర పలచనవుతుంది.

ఒక దశలో నాకు పోటీ భయం పట్టుకుంది. పక్కన దాబాలు వచ్చాయి. వాళ్ళ దగ్గర ఫ్రైడ్ రైస్ ఉంది, మంచూరియా ఉంది, పన్నీరు ఉంది. పిల్లలతో వచ్చిన కుటుంబాలు అవి అడిగేవి. నేను అన్నీ మొదలుపెట్టాను. చైనా వంటకు ఒక మనిషి, తందూరుకు ఒక మనిషి, ఫ్రిజ్ నిండా తడిసి ముద్దయిన సామాను. కట్టెల పొయ్యి వెనక్కు పోయింది, గ్యాస్ బర్నర్లు ముందుకొచ్చాయి. రొట్టె అడిగినవాడికి "అరగంట ఆగాలి" అని చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోసే పనిలో ఉన్నారు. మంచూరియా తినేవాడికి నా దగ్గరికే రావలసిన అవసరం లేదు, రొట్టె కోసం వచ్చేవాడికి రొట్టె దొరకలేదు. అలా ఇద్దరూ పోయారు. ఆ సామాను ఖర్చు, ఆ జీతాలు కలిపి చూసుకుంటే నేను చెమటోడ్చి ఇతరుల వంట అమ్మి నష్టపోయానని తేలింది. చివరికి కార్డు చించేసి గోడ మీద సున్నంతో ఆ రోజు వంటలు రాయించడం మొదలుపెట్టాను. చింతచిగురు వచ్చినన్ని రోజులు చింతచిగురు మాంసం. పుంటికూర లేతగా ఉన్నప్పుడు పుంటికూర. సంక్రాంతి ముందు సకినాలు. ఏ కాలానిది ఆ కాలంలో పెడితే కొనుగోలు చవక, రుచి ఎక్కువ. పిల్లల కోసం అడిగేవాళ్ళకు ఒక పెరుగన్నం, ఒక కోడిగుడ్డు అట్టు పెట్టాను. సరిపోయింది.

7. ఒక్క పొగగొట్టాన్ని నమ్ముకుని పది పొయ్యిలు వెలిగించకు.

మా బోధన్‌కు పేరు తెచ్చింది నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టారు. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా చెప్పుకునేవాళ్ళం. చలికాలంలో గానుగ మొదలైతే దారి పొడుగునా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, లారీలు. బండి వంతు వచ్చేదాకా రైతు ఊరికి పోలేడు, రాత్రంతా అక్కడే. చెరుకు కొట్టే కూలీలు సరిహద్దు అవతల మరాఠ్వాడా నుంచి కూడా వచ్చేవారు. ఆ నెలల్లో నా పొయ్యి ఆరింది లేదు. ఆ గిరాకీ ఎప్పటికీ ఉంటుందనుకుని అప్పు తెచ్చి షెడ్డు పెంచాను. చెరుకు అయిపోయాక వేసవి నెలల్లో వడ్డీ మాత్రం ఆగలేదు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికుల కుటుంబాలు పడిన బాధ ముందు నా నష్టం చిన్నది, దాన్ని చెప్పుకోవడం కూడా నాకు సిగ్గే. కానీ వ్యాపారం చేసేవాడు నేర్చుకోవలసింది ఇందులో ఉంది. చెరుకు తగ్గుతూ వచ్చిన సంవత్సరాల్లోనే నాకు తెలిసి ఉండాల్సింది. బండ్లు తగ్గడం రోజూ గుమ్మం ముందే చూశాను. వచ్చే ఏడు బాగుంటుందిలే అనుకుంటూ పోయాను. ఇప్పుడు నాకెవరైనా సలహా అడిగితే, నీ గిరాకీలో సగం కంటే ఎక్కువ ఒకే చోటి నుంచి వస్తుంటే ఆ రోజే రెండో దారి వెతకమంటాను. పెళ్ళిళ్ళకు రొట్టెల ఆర్డరు పట్టు. ఆఫీసులకు మధ్యాహ్నం డబ్బాలు పంపు. గానుగ తిరిగే కాలంలో సంపాదించినదాన్ని తిరగని కాలానికి దాచు.

8. బల్ల మీద కూర్చున్నవాడి ఊరు తెలుసుకో.

మా ప్రాంతం ఒక్క రకం మనుషులది కాదు. నిజాంసాగర్ నీళ్ళు వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులు అంటాం. బోధన్ దాటితే మహారాష్ట్ర. పట్టణంలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఒకే బల్ల మీద ఒకరు ఆవకాయ అడుగుతారు, ఒకరు రొట్టెను భాకరీ అంటూ పచ్చిమిరప ఠేచా అడుగుతారు, ఒకరు కోడి హలాలేనా అని అడుగుతారు. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇది తెలంగాణ తిండి, ఇష్టమైతే తినండి అన్నట్టు ఉండేది నా ధోరణి. ఆవకాయ బల్ల మీద పెట్టనన్నాను. ఒక చదువుకున్న పిల్లవాడు నాకు మంచి మాట చెప్పాడు. మనం మనదనుకునే మక్కజొన్న, మిరపకాయ రెండూ అమెరికా ఖండాల పంటలు, పోర్చుగీసు ఓడల మీద ఈ దేశానికి వచ్చినవి. ఇప్పటికీ అమెరికా నైరుతిలో న్యూ మెక్సికో వైపు జనం మక్కరొట్టె, మిరపకాయ కూరతోనే తమ ఊరి తిండి అని పేరు తెచ్చుకున్నారట. మరి మన మక్కగటుక ఎవరిది? దావతుల్లో బగారా అన్నం లేకుండా మన ఇళ్ళలో ఏ శుభకార్యం జరుగుతోంది? అది ఎవరింటి నుంచి మన ఇంటికి వచ్చింది? ఆ మాటలు విన్నాక నా గర్వం దిగింది. ఆవకాయ జాడీ పెట్టాను. ముస్లిం సోదరులకు నమ్మకం కలిగేలా కోడిని కోయించే ఏర్పాటు చేశాను. శుక్రవారం బగారా, దాల్చా వండించాను. రొట్టె మాత్రం ఎవరి కోసమూ మార్చలేదు. ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో తేల్చుకోవడమే హోటలు యజమాని అసలు పని.

9. ఆకలికి పెట్టు, ఉద్దెర మాత్రం రాసుకో.

ఇది చిన్న పాఠం, కానీ ఎక్కువ డబ్బు పోయింది ఇక్కడే. పల్లెటూరి హోటల్లో ఉద్దెర లేకుండా నడవదు. పంట చేతికొచ్చాక ఇస్తామనే రైతు ఎప్పటికైనా ఇచ్చేవాడు. ఆలస్యమైతే ఎదురుపడి, "సేటూ, ఇంకొన్ని రోజులు ఆగు" అని చెప్పేవాడు. పెద్ద బండ్లలో నలుగురిని వెంటేసుకుని వచ్చి, పేరు మీద రాసుకోమని పోయేవాళ్ళే ఎగ్గొట్టారు. వాళ్ళను అడగడానికి నాకు మొహమాటం. పేదవాణ్ణి అడగడానికి లేని మొహమాటం పెద్దవాడి దగ్గర ఎందుకు వచ్చిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆకలిగా ఉన్నవాడికి రెండు రొట్టెలు పెడితే అది లెక్కలో రాయకు. మిగతాదంతా రాయి, సంతకం పెట్టించు, నెల దాటితే అడుగు. బంధువైనా, పదవిలో ఉన్నవాడైనా.

10. పేదవాడి తిండి అమ్మేవాడు పేదవాణ్ణి మరిచిపోకూడదు.

మా చిన్నతనంలో జొన్నరొట్టె, గటుక, అంబలి లేనివాళ్ళ తిండి. వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చాక కిలో రెండు రూపాయల బియ్యం ఇంటింటికీ చేరింది. అది జనం కడుపు నింపింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాను. అయితే రొట్టె చేసే పని కూడా చాలా ఇళ్ళలో అక్కడితో ఆగింది. అన్నం వండటం సులువు, రొట్టె కొట్టడం కష్టం. ఆ తరువాత షుగరు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళకు డాక్టర్లు జొన్నరొట్టె తినమని చెప్పడం మొదలుపెట్టారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు కారులో వచ్చి జొన్నరొట్టె అడుగుతున్నారు. ధర పెంచినా కొంటున్నారు. నేనూ పెంచాను. ఒకరోజు ఇటుక బట్టీ కూలి ఒకతను గోడ మీద ధర చదివి, ఏమీ అనకుండా పక్కనే ఉన్న బండి దగ్గర చాయ్, బన్ను తిని వెళ్ళిపోయాడు. ఆ తిండి నాకు నేర్పినవాళ్ళు అతని లాంటివాళ్ళే. అప్పటినుంచి మధ్యాహ్నం ఒక పూట రొట్టె, పప్పు, కారం తక్కువ ధరకు పెట్టాను. కారులో వచ్చినవాళ్ళు కొనే కోడికూర లాభం ఆ లోటును పూడ్చింది. మీరు హోటలు పెడితే మొదటి రోజునుంచే ఇది లెక్కలో వేసుకోండి. నేను చాలా ఆలస్యంగా వేసుకున్నాను.

ఇవీ నా మాటలు. ఇవన్నీ పాటిస్తే లాభాలు కురుస్తాయని నేను చెప్పను. నాకే కురవలేదు. కానీ అప్పు తీరింది, పిల్లలు చదువుకున్నారు, ఇప్పటికీ బోధన్ అంగడిలో ఎవరో ఒకరు ఆపి రొట్టె గురించి అడుగుతారు. మన వైపు తిండితో బతకాలనుకునే బిడ్డలకు నేను చెప్పేది ఒక్కటే. జొన్న పండించే ఒక రైతును, గింజ నమ్మకంగా పట్టించే ఒక గిర్నీని, రొట్టె చేసే ఇద్దరు ఆడవాళ్ళను ముందు కుదుర్చుకోండి. వాళ్ళకు ఇవ్వవలసింది ఇవ్వగలమో లేదో కాగితం మీద లెక్క వేసుకోండి. లెక్క కుదిరితే పొయ్యి వెలిగించండి. కుదరకపోతే ఇంకో ఏడాది ఆగండి. బోర్డు ఎప్పుడైనా రాయించుకోవచ్చు.